పొగ లేని ఇల్లు

మా లుంగ్మర్‌లో లెక్క దగ్గరికి వచ్చేసరికి ఇంటిని ఇల్లు అనరు, పొగ అంటారు. పెళ్ళికి పిలిస్తే పొగకి ఇద్దరు. కాలువ పూడిక తీయాలంటే పొగకి ఒక మనిషి. మఠానికి వెన్న ఇవ్వాలంటే పొగకి ఒక ముద్ద. కప్పు మీద పొగ లేస్తే కింద పొయ్యి ఉన్నట్టు, పొయ్యి దగ్గర మనుషులు ఉన్నట్టు. మా అన్నయ్య ముటుప్‌ది ఊళ్ళో అందరికన్నా పెద్ద పొగ. ఆ పొగ కింద నేను నడివయసు దాకా దగ్గుతూ బతికాను.

పెళ్ళి కాని ఆడది అన్న ఇంట్లో ఎలా ఉంటుందో వేరే చెప్పాలా? అందరికన్నా ముందు లేచి పొయ్యి ముట్టించేది నేనే. పిడకలు చరిచేదీ, ఎండబెట్టేదీ, పై బీళ్ళ నుంచి ఎండు పేడ గంపకెత్తి వీపున మోసుకొచ్చేదీ నేనే. ఇంత చేశాక పడకల దగ్గర మాత్రం వరస వేరు. పొయ్యి పక్కన అన్నయ్య, ఆ పక్కన పిల్లలు, తర్వాత వదిన కుంజెస్, చిట్టచివర గుమ్మం సందులోంచి గాలి కోసే చోట నేను. నేను మోసిన పేడ వేడి నా దాకా ఎప్పుడూ రాలేదు.

ఒక ఏడాది కోతలు అయ్యాక, బార్లీ కల్లు తాగుతూ అందరూ సంతోషంగా ఉన్నప్పుడు, "నాకు అమ్మానాన్నల కింది ఇల్లు కావాలి, దాని పక్కన పొలం కావాలి," అన్నాను.

కొడుక్కి పెళ్ళయ్యాక తల్లిదండ్రులు పెద్దింటి తాళాలు అతని చేతిలో పెట్టి, పొలం గట్టున ఉన్న చిన్న ఇంట్లోకి మారడం మా ఆచారం. మావాళ్ళూ అలాగే మారారు, అక్కడే పోయారు. తర్వాత ఆ ఇంట్లో అన్నయ్య గడ్డి కుక్కాడు. అమ్మ ఆ పొలం నన్నే దున్నుకోమంది. ఆ మాట ఊరంతా విన్నదే కాబట్టి అన్నయ్య కాదనలేకపోయాడు. నవ్వాడు.

"ఆ గడ్డి కొంపలోనా? ఒక్కదానివేనా?"

"ఒక్కదాన్నే ఎందుకు? నా జోమో ఉందిగా." జోమో అంటే అమ్మ నాకు వదిలివెళ్ళిన ఆవు, జడలబర్రె పోలికతో ఒళ్ళంతా బొచ్చే.

"ఒక్క జోమో పేడతో చలికాలం గడుపుతావా? పొయ్యి ఒక నెల మండదే! మా పశువుల పేడ ముట్టుకున్నావంటే మాత్రం ఊరుకోను."

"నీ పేడ నువ్వే దాచుకో అన్నయ్యా. పూజ చేసుకో."

వదిన అటువైపు తిరిగి పిల్లతో అన్నట్టు అంది, "పోనియ్యి. మొదటి మంచు పడగానే గంప వీపునేసుకుని అదే వస్తుంది."

"వచ్చిందంటే మాత్రం ఆ పొలం మాట మళ్ళీ ఎత్తకూడదు," అన్నాడు అన్నయ్య.

"సరే" అన్నాను. పౌరుషానికి అన్న మాట కాదు. ఆ పొలం పోతే నేను చచ్చేదాకా ఆ గుమ్మం దగ్గర పడుకోవలసిందేనని నాకు బాగా తెలుసు.

ఒకప్పుడు నేను మూడు చలికాలాలు లేహ్‌లో ఒక బడి వంటింట్లో పనిచేశాను. అక్కడ గదుల్లో పొయ్యి లేకుండానే పిల్లలు మేజోళ్ళతో కూర్చుని చదువుకునేవారు. కిటుకంతా గోడలో ఉందని అప్పుడే చూసుకున్నాను. దక్షిణం గోడకి నల్ల రంగు, దాని ముందు జానెడు దూరంలో అద్దం. ఎండ అద్దంలోంచి వచ్చి గోడని కాలుస్తుంది. గోడ పైన, కింద కన్నాలు ఉంటాయి. పై కన్నంలోంచి వేడి గాలి గదిలోకి వస్తుంది, కింది కన్నంలోంచి చల్ల గాలి పోతుంది. మా లుంగ్మర్‌లో చలికి లోటు లేదు గానీ ఎండకి కూడా లోటు లేదు. ఎండ ఊరికే వస్తుంది కాబట్టి దాన్నెవరూ పట్టించుకోరు.

వానలకి రోడ్డు కొట్టుకుపోయినప్పుడు లోయలో పడిన బస్సు అద్దాలు ఒక పాత సామానువాడి దగ్గర ఉంటే, ఒక బస్తా ఎండు ఖుబానీలు ఇచ్చి తెచ్చుకున్నాను. ఏటి వైపు ఉన్న పెద్ద కిటికీని ఇటుకలతో మూసేశాను. ఊరి వాళ్ళకి అదే మింగుడుపడలేదు. ఏరు కనపడే కిటికీ అంటే మా వైపు పరువు. మిగతా గోడలకి లోపల మరో గోడ కట్టి, నడుమ పొట్టు, గాడిద పేడ పొడి కూరాను. కప్పు కింద సైన్యం వాళ్ళు పారేసిన పారాచూట్ గుడ్డ బిగించి, పైన గొర్రెబొచ్చు చెత్త, గడ్డి నింపాను. ఇక పొయ్యి మసి, జిగురు కలిపి దక్షిణం గోడంతా నల్లగా పూసి, కన్నాలు పెట్టి, ముందు ఆ బస్సు అద్దాలు నిలబెట్టాను.

ఊటనీళ్ళ దగ్గర ఆడవాళ్ళకి నెల రోజులు నేనే కబురు.

"మొగుడు లేకపోతేనేం, గోడకి కాటుక పెట్టింది చోరోల్!"

"కాటుక పెట్టి అద్దం ముందు నిలబెట్టింది కూడా. ఇక పెళ్ళిచూపులే తరువాయి."

"మీ మొగుళ్ళ కన్నా ఈ గోడ నయమే," అన్నాను. "అడగకుండా వెచ్చగా ఉంటుంది."

అంత మాట అనేసి మొదటి వారం చలికి చచ్చాను. కన్నాలకి మూత పెట్టాలని నాకు తట్టలేదు. పగలంతా కూడిన వేడి, పొద్దు గూకగానే వచ్చిన దారినే వెళ్ళిపోయింది. వణుకుతూ జోమో పొట్టకి వీపు ఆనించి కూర్చుని, నన్ను నేను తిట్టుకున్నాను. తెల్లారాక తోలుముక్కలతో మూతలు కుట్టాను. ఎండ రాగానే తెరవడం, ఎండ పోగానే మూయడం, అద్దం మీద దుప్పటి దించడం. అంతే. ఆ తర్వాత గదిలో కుండలో నీళ్ళు గడ్డకట్టలేదు.

రోజుకి ఒక్కసారి మధ్యాహ్నం పొయ్యి ముట్టించేదాన్ని. అప్పుడే వంట, అప్పుడే ఉప్పు టీ, ఫ్లాస్కు నిండా పోసుకుంటే పొద్దున్న దాకా అదే. నా ఒక్క జోమో పేడ నాకు మిగిలింది కూడా. కొత్త ఏటి లోసర్ పండగ వెళ్ళేసరికి, కాటుక మాట అన్న యాంగ్జోర్ మొదలుకొని నన్ను ఎగతాళి చేసిన వాళ్ళంతా కదుళ్ళు పట్టుకుని ఉన్ని వడకడానికి నా ఇంటికే రావడం మొదలుపెట్టారు.

"ఎండకి ఊరికే వచ్చాం," అనేవాళ్ళు.

"ఎండ బయట కూడా ఉందిగా," అనేదాన్ని. ఎవరూ లేచేవారు కాదు.

చలి ముదిరాక మా ఊళ్ళో పొగ లెక్క ఉంటుంది. తెల్లవారి గాలి కదలని వేళ ఊరి పెద్ద టుండుప్, నీళ్ళ వంతులు చూసే పల్జోర్ తాత గుట్ట ఎక్కి నిలబడతారు. ప్రతి కప్పు మీదా పొద్దుటి టీ పొగ నిటారుగా లేస్తుంది. ఆ పొగల లెక్కనే వసంతంలో కాలువ నీళ్ళు పంచుతారు. చలికాలమంతా లేహ్‌లో కాపురం ఉండి, పూడిక పనికి ఒక్క మనిషినీ పంపకుండా, నీళ్ళ వేళకి మాత్రం తాళం తీసి మా వంతేదీ అనే పెద్దమనుషుల కోసం పెట్టిన లెక్క అది. మంచి లెక్కే. నేనూ దాన్ని మెచ్చుకున్నదాన్నే.

ఆ రోజు పొగ లెక్క అని నాకు తెలుసు. నా కప్పు మీద పొగ ఉండదన్న సంగతి మాత్రం నాకు తట్టలేదు. లెక్క కోసమని ఎవరూ ఎన్నడూ పొయ్యి ముట్టించలేదు మరి, చలికి ముట్టిస్తారు. నాకు చలి వెయ్యలేదు. దుప్పటి ముసుగేసి హాయిగా పడుకున్నాను.

మధ్యాహ్నం మఠం ఎండగోడ దగ్గర ఊరంతా కూడినప్పుడు టుండుప్ పొగలన్నీ చదివాడు. నా పేరు రాలేదు. మరచిపోయాడేమో అనుకున్నాను. అన్నయ్య లేచి నిలబడి గొంతు సవరించుకున్నాక గానీ అర్థం కాలేదు.

"మా చెల్లెలి కప్పున పొగ లేదు. పొగ లేని పొలం నీళ్ళు పెద్ద పొగకి చేరతాయి. ఆచారం నేను పెట్టింది కాదు."

"పొగ లేకపోతేనేం, నేను లేనా?" అన్నాను. "నిన్న మధ్యాహ్నం నా చేతి టీ తాగినవాళ్ళు ఇక్కడే ఉన్నారు. నేనేమన్నా తాళం వేసుకుని లేహ్ పోయానా?"

టుండుప్ చెడ్డవాడు కాదు. అందరికీ ఒకటే తూకం అని పట్టుబట్టే మనిషి, అదే నా ఖర్మ. "చూడు చోరోల్," అన్నాడు. "ఈ ఏడు నీ మాట విని రాసుకుంటే, వచ్చే ఏడు లేహ్ నుంచి ప్రతివాడూ వచ్చి నా పొయ్యి మధ్యాహ్నం మండింది అంటాడు. ఎవరిని నమ్మాలి? గొడవెందుకు. పౌర్ణమి తెల్లారి మళ్ళీ గుట్ట ఎక్కుతాను. రెండు పిడకలు ముట్టించు. పొగ కనపడగానే నీ వంతు నీకు రాస్తాను. అయిపోయింది."

అందరూ హమ్మయ్య అనుకున్నారు. అన్నయ్య ముఖం కొంచెం మాడింది.

"ముట్టించను," అన్నాను.

"ఏంటీ?"

"ముట్టించను మావా. నాకు చలి లేదు. చలి లేకుండా పొయ్యి ఎందుకు ముట్టించాలి? నేను బతికున్నానని చూపించడానికి పేడ తగలబెట్టాలా?"

"రెండంటే రెండు పిడకలే తల్లీ!"

"ఒక్కటి కూడా కాదు."

అన్నయ్య ముఖం మళ్ళీ వెలిగింది. "విన్నారుగా. దానికి నీళ్ళు అక్కర్లేదు."

ఆ సాయంత్రం టుండుప్ ఒక్కడే నా ఇంటికి వచ్చాడు. పొద్దు కొండ వెనక్కి పోయింది. బయట చెవులు తెగిపోయే చలి. తలుపు చిన్నది కాబట్టి వంగి లోపలికి వచ్చి, గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఫ్లాస్కులోంచి టీ పోశాను.

"నీ మంచికే చెప్పడానికొచ్చాను," అంటూ చెవుల టోపీ తీసి పక్కన పెట్టాడు. "ఊళ్ళో బతికేవాళ్ళు ఊరితో పోవాలి. నేను మాత్రం నీ మీద పగబట్టానా?" నడుముకి బిగించిన గుడ్డ వదులు చేసుకున్నాడు. "మీ నాన్న, నేను కలిసి గొర్రెలు కాశాం." మెడ దగ్గర గుండీలు విప్పాడు. "ఆడదానివి, నీకింత పంతం దేనికి?" ఉన్ని అంగీ ఒక భుజం మీంచి జారిపోయింది. తనకే తెలియకుండా అంతా విప్పుకుని, చొక్కాతో కూర్చుని, రెండోసారి టీకి గిన్నె చాపాడు.

నేను ఆ అంగీ వంక చూశాను. ఆయన కూడా చూసుకున్నాడు.

"వెచ్చగానే ఉంది," అన్నాడు కాస్త సిగ్గుపడి. "నేను కాదనలేదుగా! కానీ గుట్ట మీదికి వెచ్చదనం కనపడదమ్మా. పొగ కనపడుతుంది."

"మీరు గుట్ట దిగి చూడొచ్చుగా."

"మా తాత గుట్ట మీంచే చూశాడు. వాళ్ళ నాన్న గుట్ట మీంచే చూశాడు."

"వాళ్ళకి మోకాళ్ళు నొప్పులేమో."

టుండుప్ మావకి కోపం వచ్చింది. అంగీ తొడుక్కుని, టోపీ పెట్టుకుని లేచాడు. గుమ్మం దాటాక ఒక్క క్షణం ఆగి మళ్ళీ లోపలికి చూశాడు. వెళ్ళడానికి ఆయనకి మనసొప్పలేదు, అది చలి వల్లే అని నాకు తెలుసు.

మర్నాడు ఆడవాళ్ళు కదుళ్ళతో వచ్చారు గానీ ఉన్ని ఎవరూ ముట్టుకోలేదు. నన్ను తిట్టడానికే వచ్చారు. అందరికన్నా గట్టిగా యాంగ్జోర్ తిట్టింది. నాకన్నా చిన్నది, ముగ్గురు పిల్లల తల్లి, పొగకి ఛాతీ పాడైపోయి మాటకి రెండుసార్లు దగ్గుతుంది.

"నీకు పిచ్చి పట్టిందక్కా! రెండు పిడకలకి పొలం పోగొట్టుకుంటావా? నేనైతే పది ముట్టిద్దును. కావాలంటే మా ఇంట్లోంచి తెచ్చిస్తా."

"నువ్వు తెస్తావు. ఎక్కణ్ణించి?"

"మా పోగులోంచి."

"ఆ పోగు ఎక్కణ్ణించి వచ్చింది? ఎవరి వీపు మీద?"

యాంగ్జోర్ నోరు తెరిచేసరికి దగ్గు వచ్చింది. చాలాసేపు దగ్గింది. తగ్గాక కళ్ళు తుడుచుకుంది.

"వచ్చే ఏడు మీరెవరైనా ఇలాంటి గోడ కట్టుకుంటారా?" అని అడిగాను. "నిజం చెప్పండి. ఇన్నాళ్ళుగా నా కన్నాలు, మూతలు అన్నీ తడిమి చూస్తున్నారు. కట్టుకుంటారా లేదా?"

"కట్టుకుంటాం," అంది ఒకావిడ మెల్లగా. "మా ఆయన్ని అడిగాను కూడా."

"అప్పుడు ఏం చేస్తారు? ఏటేటా చలి లేకపోయినా ఆ తెల్లారి పొగ చూపిస్తారా? మన ఇల్లు ఇల్లే అని చెప్పుకోవడానికి మన కళ్ళు మనమే పొడుచుకోవాలా? నేను ఈ ఏడు ముట్టించానంటే మీరు ఎప్పటికీ ముట్టిస్తూనే ఉండాలి. నా వల్ల కాదు. నీళ్ళు లేకపోతే మంచు కరగబెట్టి పొలం తడుపుతాను."

మంచు కరగబెట్టి ఎవరూ పొలం తడపలేరు. అది కోపంలో అన్న మాట. లోపల మాత్రం నాకు భయంగానే ఉంది. నీళ్ళు లేకపోతే బార్లీ లేదు, బార్లీ లేకపోతే కోతల నాటికి నా గంప నా వీపు మీదే.

అప్పుడే తలుపు తెరుచుకుని వదిన వచ్చింది. అందరం నోళ్ళు మూసుకున్నాం. పెద్దింటి జల్లెడ నా దగ్గర ఉందేమో అని అడిగింది. లేదన్నాను. అయినా వెళ్ళలేదు. నల్ల గోడ లోపలి వైపు వీపు ఆనించి నిలబడింది, తర్వాత కూర్చుంది. వాళ్ళింట్లో అన్నయ్య కొత్తగా మేడ మీద నాలుగు వైపులా అద్దాల గది కట్టించాడు. పగలు పెళ్ళిపందిరిలా ఉంటుంది, పొద్దు గూకితే మంచుగడ్డ. ఆ గదిలోని ఇనప పొయ్యిని వదిన తెల్లారినదగ్గర్నుంచి మేపుతూనే ఉంటుంది. నేను వచ్చేశాక పై బీళ్ళ నుంచి పేడ మోసేది కూడా ఆవిడే. చేతివేళ్ళు పగిలి నల్లబడ్డాయి. ఇదివరకు ఆ వేళ్ళు నావి.

"ఏదో అంటున్నారుగా, ఆపేశారే?" అంది.

యాంగ్జోర్‌కే తెగింపు ఎక్కువ. "మా దగ్గు ఎన్ని పొగలో టుండుప్ మావ లెక్కపెడతాడా అని అనుకుంటున్నాం," అంది. తర్వాత తన మాటకి తానే ఆగి, కదురు కింద పెట్టింది. "అవునూ, మనం ఎవ్వరం ముట్టించకపోతే?"

"ఎవ్వరం అంటే?"

"ఎవ్వరం. ఊళ్ళో ఏ కప్పు మీదా పొగ లేకపోతే. ఆ రోజు పౌర్ణమి తెల్లారి."

"పిల్లలు గడ్డకట్టుకు పోతారు!"

"పిల్లల్ని ముందురోజే ఇక్కడ పడుకోబెడదాం. ఇక్కడ గడ్డకట్టరుగా."

"మరి మగవాళ్ళు?"

"ఒక్క పొద్దు టీ లేకపోతే చచ్చిపోరు," అంది యాంగ్జోర్. "పోతే దుప్పటి నాకు మిగులుతుంది."

నవ్వు ఆపుకోలేకపోయాం. వదిన మాత్రం నవ్వలేదు. లేచి, జల్లెడ సంగతి మరచిపోయి వెళ్ళిపోయింది. అన్నయ్యకి చెప్పేస్తుందని అందరం అనుకున్నాం. నేనైతే ఖాయం చేసుకున్నాను.

పౌర్ణమి తెల్లారి నేను కూడా గుట్ట ఎక్కాను. టుండుప్ మావ, పల్జోర్ తాత అప్పటికే ఉన్నారు. అన్నయ్య తన వంతు పెరగడం తన కళ్ళతో చూసుకోవాలని ముందే వచ్చి నిలబడ్డాడు. ఊపిరి వదిలితే మీసాల మీద మంచు పేరుతోంది. కింద ఊరు కొంచెం కొంచెంగా తెలుపవుతోంది.

"ఇంకా లేవలేదే," అన్నాడు టుండుప్.

కాసేపయ్యింది. కొండ కొసన ఎండ పడింది. ఎక్కడో ఒక మగగొంతు "టీ ఏదే!" అని అరవడం, దానికి ఆడగొంతు ఏదో తిరగబడడం వినిపించాయి. మరో ఇంటి కప్పు మీద ఒక ముసలాయన దుప్పటి కప్పుకుని వచ్చి, పక్క కప్పుల వంక చూసి, బుర్ర గోక్కుని లోపలికి పోయాడు. ఎక్కడా పొగ లేదు.

టుండుప్ ముఖంలో రంగు పోయింది. "ఏమైంది వీళ్ళకి? జబ్బు చేసిందా?"

"ఒకటి ఉంది," అన్నాడు అన్నయ్య గర్వంగా. నిజమే, ఉంది. పెద్దింటి అద్దాల గది మీంచి పొగ తాడులా నిలబడి లేస్తోంది.

పల్జోర్ తాత భుజాలు కదలడం మొదలుపెట్టాయి. చూస్తే నవ్వుతున్నాడు. పళ్ళు లేని నోరంతా తెరిచి నవ్వుతున్నాడు.

"రాసుకో టుండుప్," అన్నాడు. "ఊళ్ళో పొగ ఒకటి. కాలువ నీళ్ళన్నీ ముటుప్‌వే."

అన్నయ్య కూడా నవ్వబోయాడు. "అంటే... అన్నీనా?"

"అన్నీ. ఆచారం నువ్వు పెట్టింది కాదుగా. పూడిక కూడా నీదే మరి. పొగకి ఒక మనిషి కదా. మంచు కరిగాక పార తీసుకుని రా, ఏటి మొదలు నుంచి ఊరి దాకా ఒక్కడివే తవ్వు. నేను గట్టున కూర్చుని పాట పాడతాను."

"మఠం వెన్న కూడా," అన్నాను. నోరు ఊరుకోలేదు. "ఊరందరిదీ నువ్వే ఇవ్వాలన్నయ్యా."

అన్నయ్య నా వైపు ఒక చూపు చూశాడు. ఆ చూపుకి నేను చిన్నప్పటినుంచీ భయపడేదాన్ని. ఏదో అనడానికి నోరు తెరిచాడు. అంతలో తాత చెయ్యి ఎత్తి చూపించాడు.

పెద్దింటి పొగ పల్చబడుతోంది. తాడు దారమైంది, దారం తెగింది. అద్దాల గది మీద ఏమీ లేదు, ఉత్త ఆకాశం.

"కుంజెస్!" అని గుట్ట మీంచి అన్నయ్య కేకపెట్టాడు. గాలి లేని ఉదయం కదా, మా ఊళ్ళో ఆ వేళప్పుడు మాట ఎంత దూరమైనా పోతుంది. "ఏమే! పొయ్యి ఆరిపోయింది, చూసుకో!"

వదిన కప్పు మీదికి వచ్చింది. చేతిలో బూడిద పార ఉంది. గుట్ట వైపు తలెత్తి చూసింది. నేను ఆ ఇంట్లో ఉన్న ఇన్నేళ్ళలో ఆవిడ అన్నయ్యకి గొంతెత్తి జవాబు చెప్పడం వినలేదు.

"ఆరిపోలేదు," అని అరిచింది. "నేనే ఆర్పాను!"

కింద ఒక కప్పు మీద యాంగ్జోర్ దగ్గు, ఆ దగ్గులోనే నవ్వు వినిపించాయి. మరో కప్పు మీదికి మరొకావిడ వచ్చింది. తర్వాత ఇంకొకరు. పొగ లేచే చోట్లన్నిటి పక్కనా ఆడవాళ్ళు నిలబడ్డారు. అందరూ మా వైపే చూస్తున్నారు. చలికి చేతులు చంకల్లో పెట్టుకున్నారు గానీ ఒక్కరూ లోపలికి పోలేదు.

"ఇప్పుడేం లెక్కపెడతావు?" అని అడిగాడు తాత.

టుండుప్ ఒక్కో కప్పూ చూస్తూ పోయాడు. కోపగించుకుంటాడనుకున్నాను. కానీ ఆయన నిజంగానే లెక్క తప్పకూడదనే మనిషి. ఊళ్ళో ఇంతమంది కళ్ళెదుట నిలబడి ఉండగా ఎవరూ లేరని రాయడం ఆయన వల్ల కాలేదు.

"దిగాలి," అన్నాడు. "తలుపు తలుపుకీ వెళ్ళి చూడాలి. ఇంకేం చేస్తాను?"

గుట్ట దిగితే ముందు తగిలేది నా ఇల్లే. టుండుప్ తలుపు తోసి, వంగి, గుమ్మంలో నిలబడ్డాడు. వెనక మేమంతా. లోపల యాంగ్జోర్ పిల్లలు, చుట్టుపక్కల పిల్లలు, అన్నయ్య చిన్నకూతురు కూడా, ఒకరి మీద ఒకరు కాళ్ళు వేసుకుని నిద్రపోతున్నారు. దుప్పట్లు తన్నేసి ఉన్నాయి. అన్నయ్య కూతుర్ని చూసి అన్నయ్య తల పక్కకి తిప్పుకున్నాడు. పొయ్యిలో నిన్నటి బూడిద చల్లగా ఉంది. టుండుప్ లోపలికెళ్ళి, వంగి దాన్ని వేలితో తాకి చూశాడు, తర్వాత ఒక పిల్లవాడి పాదం తాకి చూశాడు.

మళ్ళీ గుమ్మంలోకి వచ్చి నిలబడి, అలవాటుకొద్దీ, "చోరోల్ పొ..." అని ఆగిపోయాడు. నోరు తిరగలేదు. తాత ఎదురుచూస్తున్నాడు.

"చోరోల్ ఇల్లు," అన్నాడు టుండుప్. "ఒకటి."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అన్నయ్య ముందు ఏడవకూడదని ఎన్నేళ్ళుగానో పట్టిన పట్టు అక్కడే పోయింది. ముక్కు చీదుకుని, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డ ఆ ముగ్గురు మగవాళ్ళనీ చూశాను.

"ఉంటే లోపలుండండి, లేకపోతే బయటికి పోండి," అన్నాను. "తలుపు తెరిచి నిలబడితే నా ఇంట్లోకి చలి వస్తోంది."